నాన్న నిద్ర చెడకుండా రాజమండ్రి

ఆ రోజుల్లో మా ఇంట్లో రాత్రి ఎప్పుడవ్వాలో నిర్ణయించేది సూర్యుడు కాదు, నాన్న షిఫ్టు. ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. నాన్న ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. ఇనుప తీగ చుట్టల్ని ఎత్తి లారీల్లో పెట్టడం ఆయన పని. నైట్ షిఫ్టు ముగించుకొచ్చి, దుప్పటి ముసుగు తన్ని పడుకున్నారంటే పట్టపగలు మా ఇల్లు మునివేళ్ళ మీద నడిచేది. ఫోన్లన్నీ సైలెంటులో ఉండేవి. కుక్కరు కూత వేసే లోపలే అమ్మ దాని నెత్తి మీంచి బరువు తీసేసేది. నేనూ అక్కా జుట్లు పట్టుకుని కొట్టుకున్నా పక్కగదికి వినిపించేది కాదు. (మా ఇద్దరి క్రమశిక్షణ గురించి టీచర్లు మెచ్చుకున్నప్పుడల్లా అమ్మ ఎటో చూసేది.) ఆ దుప్పటి జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. అది మా ఇంటి రాజ్యాంగం.

నాకు లైసెన్సు వచ్చిన ఏడాది వేసవి సెలవులకి రాజమండ్రిలో పిన్ని వాళ్ళింటికి కారులో వెళ్దామనుకున్నాం. కారంటే ఏడుగురు పట్టే సెకండ్ హ్యాండుది. అప్పటిదాకా దాంట్లో నేను చేసిన అత్యంత సుదూర ప్రయాణం క్వార్టర్ల పక్కనున్న కూర్మన్నపాలెం పెట్రోలు బంకు దాకా. అయినా హైవే నాదేనని ఇంట్లో ప్రకటించేశాను. అక్క మొగుడు, అంటే మా బావది సబ్బవరం. నడక రాకముందే ట్రాక్టరు తోలానని చెప్పుకునే మనిషి. ఆయన ఒప్పుకోలేదు.

“హైవే అంటే ఆటలేటి మామయ్యా? నాను తోలతాను. బావ నా పక్కన కూకుని నేర్సుకుంటాడు,” అన్నాడు.

నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నారు. తల ఎత్తకుండానే తీర్పు చెప్పారు. “నేను వెనకాల పడుకుంటాను. నా నిద్ర చెడకుండా వీడు రాజమండ్రి చేర్చాడా, ఇకనుంచి తాళం వీడిది. దారిలో ఒక్కసారి లేచానా, అక్కణ్ణించి అల్లుడుగారిది. మళ్ళీ అడగొద్దు.”

అలా నా భవిష్యత్తు మొత్తం ఒక గురక మీద ఆధారపడింది.

వెనక సీట్లు మడిచి పరుపు వేశాం. నాన్న లుంగీ బనీనుతో ఎక్కి, పిన్ని కోసం పెట్టిన పెద్ద పనసకాయని ఓ పక్కకి నెట్టి, దుప్పటి కప్పుకున్నారు. అనకాపల్లి రాకముందే గురక మొదలైంది. ఆ తర్వాత నేను కారు నడపలేదు, వేడి సాంబారు గిన్నె మోశాను. గతుకు కనిపిస్తే దానికి నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్ళాను. ఒక బస్సు, ఒక అంబులెన్సు, కోళ్ళ వ్యాను, ఇద్దరు ముసలివాళ్ళున్న మోపెడ్డు నన్ను దాటిపోయాయి. పక్కసీట్లో బావ లేని బ్రేకుని కాలితో తొక్కబోయి, ఈ వేగానికి బ్రేకెందుకని మానేశాడు. “బావా, నడిసెల్తే ఈపాటికి సేరిపోదుం,” అని నా చెవిలో ఊదాడు. నేను పలకలేదు. పలికితే నిద్ర చెడుతుంది కదా.

అన్నవరంలో ప్రసాదం కోసం ఆగాం. అమ్మ డిక్కీ ఎత్తి టిఫిన్ కేరేజీ తీసింది. దూరంగా చెట్టు నీడన నిలబడి ఇడ్లీలు తిన్నాం, ఆకు పొట్లాల్లో ప్రసాదం కొనుక్కున్నాం. బయల్దేరేటప్పుడు డిక్కీ మూసింది బావే. ఎంత గొడవపడినా ఇంటి రాజ్యాంగాన్ని గౌరవించే అల్లుడు, చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినంత మెత్తగా మూశాడు.

అక్కణ్ణించి నా డ్రైవింగు కళాఖండమైపోయింది. అక్క వెనక్కి తిరిగి చూసి గుసగుసగా అంది, “గురక కూడా ఆగిపోయిందే.” అమ్మ నిజంగా మురిసిపోయింది. “పెళ్ళైన దగ్గర్నుంచి ఆయనిలా పడుకోవడం చూళ్ళేదు. చూడు, అబ్బాయి అంత మెత్తగా నడుపుతున్నాడు,” అంటూ చెయ్యి చాపి, ఏసీ గాలికి జారిన దుప్పటిని ఆయన తల మీదికి లాగింది. నా ఛాతీ స్టీరింగుకి తగిలింది.

అప్పుడు వెనకనుంచి హారన్ మొదలైంది. తీగ చుట్టలు నింపుకున్న లారీ. హైవే మీద అంతకన్నా బరువైన బండి ఉండదు, అదీ నన్ను దాటబోతోంది. దాటితే దాటనీ, ఆ హారనెందుకు? మా పక్కకి వచ్చేసరికి క్యాబిన్‌లో తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన కిటికీలోంచి సగం బయటికి వంగి రెండు చేతులూ ఊపుతున్నాడు. బావ నా మీంచి వంగి, మూతి మీద వేలు పెట్టి, వెనక్కి చూపించాడు. లోపల మనిషి పడుకున్నాడయ్యా అని. తువ్వాలాయన ఒక్క క్షణం అలాగే చూసి, చేతులు దించేసి, లోపలికి వెళ్ళిపోయాడు. లారీ ముందుకు పోయింది.

“ఏటో, ఈ క్లీనర్లకి బొత్తిగా బుద్ది లేదు,” అన్నాడు బావ. ఆ రోజు మేమిద్దరం ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

పిన్ని గుమ్మం ముందు కారాపి ఇంజను కట్టేసినప్పుడు నేను మనిషిని కాదు, ఏదో కప్పు గెలిచిన జట్టుని. పిన్ని కేకేయబోతుంటే అమ్మ పరుగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుంది. “నెమ్మదే. మీ బావగారు కారులో పడుకున్నారు.”

పిన్ని అమ్మని చూసింది. కారుని చూసింది. తల తిప్పి తన ఇంట్లోకి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

“అక్కా, మరి లోపల ఉప్మా తింటున్నదెవరే?”

బావ వెళ్ళి డిక్కీ ఎత్తి దుప్పటి లాగాడు. అన్నవరం నుంచి అమ్మ ప్రేమగా దుప్పటి కప్పుతూ వచ్చిన పనసకాయ మా అందరివంకా చూసింది. అమ్మ అరుగు మీద కూలబడింది. లుంగీ మీద బాబాయి చొక్కా బొత్తాలు పట్టక అవస్థపడుతూ, భుజాన ఆ తువ్వాలుతో, నాన్న గుమ్మంలోకి వచ్చారు.

విషయం చిన్నదే. అన్నవరంలో దిగి అటు పక్కకి వెళ్ళి వచ్చేసరికి కారు లేదు. ఫోను కారులో ఉంది. టీ కొట్టు దగ్గర ఆగిన లారీలో తీగ చుట్టలు రాత్రి ఈయన చేత్తో ఎక్కించినవే కాబట్టి డ్రైవరు గుర్తుపట్టి ఎక్కించుకున్నాడు. అతని ఫోనులోంచి ఈయనకి కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరుకి చేస్తూనే ఉన్నారు. అమ్మ ఫోను సైలెంటులో ఉంది. ఎందుకంటే నాన్న పడుకున్నారు.

బావ అందరికంటే ముందు తేరుకున్నాడు. “అయితే మామయ్యా, మీరు లెగిసినట్టే కదా. తాళం నాకొచ్చేసినట్టే.”

నాన్న నా చేతిలోంచి తాళం తీసుకున్నారు. “కారు నడుస్తుండగా నా నిద్ర చెడలేదు అల్లుడుగారూ. అది చూసుకోండి,” అని తాళం నా జేబులో వేశారు.

ఆ సాయంత్రం డాబా మీద మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను, దిగేటప్పుడు ఒక్క మాట చెప్పకూడదా నాన్నా అని. ఆయన గోదావరి వైపు చూస్తూ అన్నారు. “కారు ఆగేసరికి మెలకువొచ్చిందిరా. నేను లేచానని మీ బావ చూస్తే నీ తాళం పోతుంది. అందుకే చప్పుడు చెయ్యకుండా పనసకాయకి దుప్పటి కప్పి దిగాను. నువ్వు అంత తొందరగా బయల్దేరతావని ఎవరనుకున్నారు? ఇవాళంతా నువ్వు తొందరపడింది అక్కడొక్కచోటేగా.”

నాన్న రిటైరయ్యారు. ఇప్పుడు రాత్రుళ్ళు మంచం మీద ఆయనకి నిద్ర పట్టడం లేదు. ఆదివారం పొద్దున్నే “తుని దాకా పోయొద్దామా?” అంటూ తలగడతో సహా వచ్చి నిలబడతారు. నేనిప్పుడు కోళ్ళ వ్యానుల్ని అలవోకగా దాటేస్తాను. వెనకాల గురక వింటూ, ఒకప్పుడు పనసకాయని అంత భద్రంగా మోసుకెళ్ళిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఎక్కడ ఆగినా మళ్ళీ కదిలే ముందు మాత్రం దుప్పటి కిందకి చెయ్యి పెట్టి పాదం తడుముతాను. ఆయన కళ్ళు తెరవరు.

“ఉన్నాన్లేరా,” అంటారు. “పోనీ.”