కాలువ గట్టు మీద మజ్జిగ

మాది అమలాపురం దగ్గర కాలువ గట్టునున్న ఇల్లు. మొన్న వేసవిలో కాలువకి నీళ్లు ఆపేశాక, అడుగున పేరుకున్న చెత్త తీయడానికి హైస్కూలు పిల్లలు దిగారు. ఎండలో, ఆ బురదలో వాళ్ల అవస్థ చూడలేక బిందెడు మజ్జిగ కలిపి పట్టుకెళ్లాను.

"కాలువలో చెత్త పారేసేవాళ్లకి సిగ్గుండాలమ్మా" అని గ్లాసులు అందిస్తూ గట్టిగానే అన్నాను.

అందరూ తాగి వెళ్లాక, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆగి, ఖాళీ గ్లాసుతోపాటు మడత పెట్టిన కొరియర్ కవరు నా చేతిలో పెట్టింది. దాని మీద నా పేరు, మా ఇంటి నంబరు ఉన్నాయి.

"చెత్త సంచిలో దొరికిందండి ఆంటీగారూ. ఇంకెవరూ చూళ్లేదండి. మాస్టారికీ చెప్పలేదండి" అంది మెల్లగా.

పెరటి గోడ మీంచి రోజూ చెత్త సంచి కాలువలోకి విసరడం మా అత్తగారి కాలం నుంచీ అలవాటు. మాది ఒక్క సంచే కదా అనుకునేదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో నన్ను నిలదీయగలిగి కూడా నా పరువు కాపాడిందా పిల్ల. ఆ వయసులో నాకంత సంస్కారం లేదు.

మర్నాడు పొద్దున్నే కుచ్చిళ్లు ఎగదోపుకుని నేనూ కాలువలోకి దిగాను.  ఆ పిల్ల కాస్త పక్కకి జరిగి, నాకూ ఒక గోనెసంచి అందించింది.