ఆడేసిన ఆటకి ప్రార్థన

కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా అన్నయ్యంత వేగంగా పరిగెత్తేవాడు లేడు. రైల్వేవాళ్ల ట్రయల్‌కి వెళ్లి పరిగెత్తి చూపిస్తే చాలు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయమని నాన్న తను పనిచేసే లోకో షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు. అంతలో ఎవరో కోటీశ్వరులు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అంటూ దిగి, అన్నయ్యని రన్నింగ్ బ్యాక్‌గా తీసుకున్నారు. అంటే ఎదుటివాళ్లు పడేసేదాకా బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడం. ఆ మాత్రానికే మావాడికి కళ్లు నెత్తికెక్కాయి. ఆ ఆట హెల్మెట్ పట్టుకుని పాల పాకెట్‌కి వెళ్లేవాడు.

ఆ లీగ్ ఘనత ఏమిటంటే, మ్యాచ్‌లన్నీ ఖాళీ మైదానంలో ముందే ఆడించేసి, తర్వాత వారానికొకటి టీవీలో వేసేవారు. ఫలితాలు బయటపెట్టకూడదని ఆటగాళ్లకి కట్టడి. అందుకని మా స్టార్ ఇంట్లో కాళ్లు చాపుకుని తన ప్రతాపం తానే చూసుకునేవాడు. కుంటుతున్నావేమని అడిగితే “బెణికింది” అనేవాడు. ట్రయల్ దగ్గరపడిందని నాన్న అంటే “సీజన్ అవనీ” అనేవాడు.

చర్చిలో మరో చోద్యం. ప్రతి ఆదివారం అన్నయ్య లేచి గెలుపు గురించి సాక్ష్యం చెప్పడం, సంఘమంతా రాబోయే మ్యాచ్ కోసం ప్రార్థించడం. ఆడేసిన ఆటకి ప్రార్థనేమిటని నేను గొణిగితే వెనక బెంచీ మామ్మ కసిరింది.

“దేవుడికి రికార్డింగేటి, లైవేటి? నోర్మూసుకుని ఆమెన్ అనవే!”

ఫలితం తెలిసిన ఒకే ఒక్క మనిషి, తల వంచుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరి మ్యాచ్ వచ్చింది. టీవీలో అన్నయ్య మీద ముగ్గురు పడ్డారు. మోకాలు పక్కకి తిరిగిపోయింది. అమ్మ గబుక్కున చెంగు నెత్తిన కప్పుకుని, టీవీ ముందే చేతులు జోడించింది.

“లెగరా నాన్నా, లెగు!”

లేవలేదు. స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. అప్పుడు అమ్మ పక్కన కూర్చున్న కొడుకు మోకాలి మీద చెయ్యేసింది.

“ఇది అప్పటిదేటిరా? మరి ట్రయల్ ఎలాగెల్తావు?”

అన్నయ్య టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. “అది కాదమ్మా, పడేముందు బంతిని ఎంత దూరం లాక్కెళ్లానో చూడు” అన్నాడు. నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారమే ట్రయల్. అన్నయ్య వెళ్లలేదు. లీగువాళ్లు అప్పటికే పత్తా లేరు. ఆదివారం అన్నయ్య యథాప్రకారం లేచి, రెండో సీజన్ కోసం ప్రార్థించమని సంఘాన్ని కోరాడు. అందరూ ఆమెన్ అన్నారు, మామ్మ మరీ గట్టిగా. అమ్మ చెంగు కప్పుకుంది గానీ ఆమెన్ అనలేదు.