ఫ్రూమా ఉపవాసం

ఆ కొండల్లోని యూదుల వేసవి శిబిరంలో పిల్లలకు దేవుడంటే ఎంత భయమో తెలియదుగానీ, నర్సు ఫ్రూమా అంటే మాత్రం హడల్. కడుపునొప్పి అంటూ ఆమె గదికి వెళ్లినవాడు నొప్పి నిజమైతే మందుతో బయటికొస్తాడు. దొంగనొప్పి అయితే ఎర్రబడ్డ చెవితో వస్తాడు. ముప్పై వేసవులుగా ఇదే తంతు.

వేసవంతా ఒక ఎత్తు, తిషబావ్ ఒక్కటీ ఒక ఎత్తు. యెరూషలేము దేవాలయం కాలిపోయినందుకు ఏడ్చే రోజు అది. ఆ రోజు ఈత లేదు, పాటల్లేవు, తోలు చెప్పుల్లేవు, ఎదురుపడితే పలకరింపు కూడా లేదు. ముందురోజు సాయంత్రం నేలమీద కూర్చుని విలాపవాక్యాలు వినడం మొదలు, మర్నాడు చుక్కలు పొడిచేదాకా పెద్దవాళ్లెవరూ పచ్చి మంచినీళ్లైనా ముట్టకూడదు. మధ్యాహ్నానికల్లా ఫ్రూమా గది సంతలా తయారవుతుంది. నిజంగా సోలిపోయిందెవరో, రొట్టెముక్క కోసం నాటకమాడుతున్నదెవరో ఆమె మొహం చూసి చెప్పేస్తుంది. అసలు రోగుల చేత దగ్గరుండి తాగిస్తుంది. తను మాత్రం గులాబీరంగు రబ్బరు చెప్పులేసుకుని పొద్దస్తమానం తిరుగుతూనే ఉపవాసం ముగించేది. "మా అమ్మ ఎనభై దాటినా చేసింది. నాకేం రోగం?" అనేది.

ఈ ఏడు ఆ రోగమే వచ్చింది. చలికాలంలో షుగర్ బయటపడింది. ఉపవాసాలు కట్టిపెట్టమన్నాడు డాక్టరు. మతగురువు రబ్బీ అయినా తన పక్షాన ఉంటాడనుకుని అడిగితే, ఆయన డాక్టరుకంటే గట్టిగా వద్దన్నాడు. ఫ్రూమా ఇద్దరికీ బుద్ధిగా తలూపింది. తలూపితే పోయేదేముంది! తిషబావ్ రాగానే ఎవరికీ చెప్పకుండా ఉపవాసం పట్టేసింది.

మధ్యాహ్నం వంటవాడు జెలిగ్ వచ్చాడు. ఏటా వస్తాడు. పొద్దున్నే గొంతులో కాఫీ పడకపోతే అతని తల రెండు చెక్కలైపోతుంది.

"చచ్చిపోతున్నా ఫ్రూమా."

"చావు. కానీ ఆ మూల మంచం మీద చావు. మిగతావాటికి దుప్పట్లు ఇప్పుడే మార్చాను."

"ఎప్పుడో కాలిన గుడికీ నా కాఫీకీ ఏం సంబంధం తల్లీ?"

"నోర్మూసుకుని పడుకో."

జెలిగ్ తెర లాక్కుని పడుకున్నాడు. అంతలో పసిపిల్లల్ని చూసుకునే రైజీని ఇద్దరు పట్టుకొచ్చారు. ఆ అమ్మాయి ఒళ్లు కాలిపోతోంది. అయినా తాగనంటే తాగనని మొండికేసింది.

"అందరూ ఉపవాసం ఉంటున్నారు అత్తా. నేనొక్కదాన్నే తాగితే సిగ్గుచేటు."

"నీ సిగ్గు తగలెయ్యా! జబ్బుమనిషిని తినమన్నదీ ఆ పైవాడే. నువ్వేమన్నా ఆయనకి పాఠాలు చెప్తావా? పట్టు గ్లాసు."

రైజీ కళ్లనీళ్లతో చెయ్యి చాచింది. గ్లాసు అందించే చెయ్యే వణికి, పళ్లరసం సగం దుప్పటి మీద పడింది. "వయసే, వయసు" అని నవ్వేసి ఫ్రూమా ఇంకో గ్లాసు పోసి తాగించింది. తన నుదుటి మీది చెమట తుడుచుకోవడం మాత్రం మర్చిపోయింది. తర్వాత గోడ పట్టుకుని పక్కనున్న మందుల గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, నేలమీద కూలబడింది.

తెర సందులోంచి జెలిగ్ అంతా చూశాడు. తలనొప్పి సంగతి మరిచి వంటింటికి పరిగెత్తాడు. పళ్లరసం, రొట్టె, ఉడికించిన గుడ్డు పట్టుకుని మందుల గదిలోకి వచ్చి, తలుపు మళ్లీ మూసి ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"తాగు."

"ఎవరికి చెప్తున్నావ్?"

"జబ్బుమనిషిని తినమన్నదీ ఆ పైవాడేనట. ఇందాక ఎవరో మహాతల్లి అరుస్తోంది."

"తల పగిలిపోతోందన్నావ్. చెవులు బానే పనిచేస్తున్నాయే!"

"ఫ్రూమా, తాగు." ఈసారి గొంతులో వెటకారం లేదు. "నీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడాలి?"

ఫ్రూమా తాగింది. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది. అప్పుడు గుడ్డు కొరికింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఉపవాసం కూడా పోయాక ఈ రోజున తనకింకేం మిగిలింది? విలాపవాక్యాలు చదువుతున్నంతసేపూ ఏ పిల్ల తూలుతోందా అని చూడటమేగానీ, ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా చెవిపెట్టి విన్నదా? ఏడవాల్సిన రోజున ఎన్నడూ ఏడ్చింది లేదు. ఆ మాట తోచగానే అమ్మ గుర్తొచ్చింది. నేలమీద కూర్చుని, కాలిపోయింది తన సొంతిల్లే అన్నట్టు ఏడ్చే అమ్మ. నోట్లో గుడ్డు ఉండగానే ఫ్రూమాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"గుడ్డుకి ఉప్పు తక్కువైంది" అంది వెక్కుతూ.

"ఇప్పుడు సరిపోయిందిలే, తిను."

ఆమె ముక్కు తుడుచుకుని అతనికేసి ఉరిమి చూసింది.

"ఆ తలుపు తియ్యి."

"ఎందుకూ? అందరికీ కనబడతావ్."

"రైజీకి కనబడాలి. పాపం, తనొక్కతే అనుకుంటోంది."

జెలిగ్ తలుపు బార్లా తెరిచాడు. అవతలి మంచం మీంచి రైజీ తలెత్తి చూసింది. ఫ్రూమా ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ మిగిలిన గుడ్డంతా తినేసింది.