మా మరిది మింగిన మాట

నిన్న సాయంత్రం హోసూరు పక్క మూకండపల్లిలో మా మనవరాలి ఇంట్లో నన్ను టీవీ ముందు కూర్చోబెట్టి, కంచం చేతికిచ్చారు. లండన్‌లో స్థిరపడ్డ మనవాళ్లు నలుగురు కోట్లు తొడుక్కుని, ఇక్కడి ఎన్నికల గురించి అక్కడ కూర్చుని కొట్టుకుంటున్నారు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన మనవరాలి మొగుడు బూట్లు విప్పుతూ, "వీళ్లంతా పెద్ద పెద్ద పేపర్లలో పని చేసినోళ్లు అవ్వా" అన్నాడు గౌరవంగా. అందుకే అంత గొంతు కాబోలు అనుకున్నాను. వాళ్లలో ఒకాయన ఎదుటివాణ్ణి ఎడాపెడా కడిగేసి, జేబురుమాలు తీసి నింపాదిగా మూతి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూడగానే నాకు కృష్ణగిరాయన గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే మా మరిది గుర్తు రాకుండా ఉండడు. కంచం పక్కన పెట్టేశాను.

మా మరిది అంటే మా ఆయన తమ్ముడు. నేను హోసూరుకు కాపురానికి వచ్చేనాటికి మీసాలు ఇంకా సరిగా రాలేదు గానీ, గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. మాది బజారులో ఇల్లు. ముందు బట్టల అంగడి, దాని ముందు పొడుగాటి తిన్నె. సంత రోజున బెంగుళూరు బస్సులో కన్నడ పేపరు, కృష్ణగిరి బస్సులో తమిళ పేపరు వచ్చేవి. రెండూ పట్టుకుని ఆయన తిన్నె మీద నిలబడేవాడు. చదువురాని రైతులు, అంచెట్టి అడవి పల్లెల నుంచి పశువులు తోలుకొచ్చినవాళ్లు, రాయకోట చింతపండు వ్యాపారులు ఆయన కాళ్ల దగ్గర చేరేవాళ్లు. కళ్లు తమిళం మీద పరిగెత్తుతుంటే నోట్లోంచి తెలుగు వచ్చేది. వెనక కన్నడం వాళ్లు గొణిగితే అదే వార్త కన్నడంలో. తడుముకోవడమన్నది ఎరగడు. తలుపు చాటున చేటలో కందిపప్పు ఏరుకుంటూ నేను లోకమంతా అలాగే విన్నాను. ఆ పప్పులో రాళ్లు మిగిలిపోయేవని మా అత్తగారు సణిగేవారు, అది వేరే సంగతి.

రాష్ట్రాలు విడదీస్తున్న రోజులవి. మా ఊరు మాదంటే మాదని తమిళం, కన్నడం, తెలుగు మూడు పక్కల నుంచీ గుంజుతున్నారు. పేపర్ల నిండా తిట్లే. మా మరిది ఆ తిట్లు చదివేవాడు కాదు. నాయకుడు ఏం కావాలన్నాడో చెప్పేవాడు, ఎవరిని ఏమని తిట్టాడో మింగేసేవాడు. ఒకసారి మా ఆయన కనిపెట్టి, "సగం మింగేస్తే అది పేపరు చదివినట్లా?" అని కసిరారు.

"ఆ తిట్టు తగిలేవాడు ఈడే, నా కాళ్లకాడే కూచోనుండాడు కదన్నా" అన్నాడు.

మలయా దేశం పినాంగులో వ్యాపారం చేసే మా దూరపు బంధువు ఒకాయన ఆ గొంతు విని ముచ్చటపడి, ఓడెక్కించి తీసుకుపోయాడు. అక్కడ ఒక రేడియోలో తమిళ వార్తలు చదివే ఉద్యోగం దొరికింది. రబ్బరు తోటల్లో కూలికి పోయిన మన జనమంతా పని దిగి ఆ వార్తలు వినేవాళ్లట. ఏడాది తిరక్కుండా మా మరిది తన కృష్ణగిరి స్నేహితుణ్ణి పిలిపించుకుని, అక్కడి తమిళ పేపరులో చేర్పించాడు. పేరెందుకు లెండి, మేమంతా కృష్ణగిరాయన అనేవాళ్లం.

సెలవులకు ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. వస్తే ఆ తిన్నె మీదే మకాం. ఏ పేపరులో ఎవడికి పెద్ద కుర్చీ దొరికింది, ఎవడు లండన్ పోయాడు, మలయావాళ్లను చీనావాళ్లు ఏమన్నారు, ఇద్దరూ కలిసి మనవాళ్లను ఏమన్నారు, ఇవే మాటలు. మా ఊరి వానల గురించి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. కాఫీ మోయలేక నా చేతులు పడిపోయేవి.

"మంట పెడితేనే పేపరు అమ్ముడుపోతుందక్కా. చల్లగా రాస్తే పొట్లం కట్టేదానికి కూడా కొనరు" అనేవాడు కృష్ణగిరాయన నా వైపు తిరిగి.

"నువ్వు మంట పెట్టి ఈడికి సెలవుకొస్తివి. ఆ తోటలో ఉండేవాడు యాడికి పోతాడప్పా?" అనేవాడు మా మరిది.

"అది చూసేదానికి పోలీసులుండారు. మనం రాసేవాళ్లం." ఇలా అని నవ్వి, జేబురుమాలుతో మూతి తుడుచుకునేవాడు. నాకు ఆ నవ్వు అప్పుడే గిట్టలేదు.

కొన్నాళ్లకు అక్కడ ఎన్నికలొచ్చాయి. కూలి కోసం ఓడెక్కి వచ్చినవాళ్లంతా మళ్లీ ఓడెక్కి పోవాలని ఒక నాయకుడు సభలో అన్నాడు. ఆ ప్రసంగం రేడియోలో చదవాల్సిన వార్తల్లోకి వచ్చింది. మా మరిది చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గరికి రాగానే హోసూరు సంతలో చేసినట్లే చేశాడు. మింగేశాడు. పని దిగాక టీ తాగుతూ, మనసులో బరువు దించుకోవడానికి ఆ సంగతి స్నేహితుడికి తనే చెప్పుకున్నాడు. తెల్లారేసరికి కృష్ణగిరాయన పేపరులో మొదటి పేజీ మీద పడింది: మన జనాన్ని అన్న మాట మన జనానికే దాచిన ద్రోహి అని, పేరుతో సహా. తోటల వాళ్లు రేడియో ఆఫీసు ముందు చేరి అరిచారు. ఎవరి మనసు నొచ్చుకోకూడదని ఆ మాట మింగాడో, వాళ్లే ఆయన మీద ఉమ్మేశారు. ఉద్యోగం పోయింది. కృష్ణగిరాయన ఎడిటరయ్యాడు.

మా మరిది రేకుపెట్టెతో ఇంటికి వచ్చాడు. సంత రోజున తిన్నె కడిగి, పేపర్లు పట్టుకుని నిలబడ్డాడు. ఈ ఒక్క పని తిరిగి దొరికితే చాలు, బతికేస్తాననుకున్నాడు పాపం. ఇక్కడా అప్పుడు భాషల గొడవ రాజుకుని ఉంది. నాలుగు వాక్యాలు చదివాడో లేదో, "తమిళ పేపరు తెలుగులో చదివేదేంది? నువ్వు యా పక్కప్పా?" అన్నాడొకడు. "తిట్లు దాచే మనిషంట, పినాంగులో తరిమినారంట" అన్నాడు పక్కవాడు. కన్నడం మాట్లాడే అంచెట్టి వాళ్లు లేచి కన్నడం వాళ్ల హోటలు రేడియో దగ్గరికి పోయారు. తమిళం వాళ్లు తమ అంగడి ముందుకు పోయారు. తెలుగువాళ్లు మిగులుతారనుకున్నాను. వాళ్లూ మిగల్లేదు.

ఆ తర్వాత కృష్ణగిరాయనకు సొంతూళ్లో సన్మానం పెట్టారు. ఆయనే మా ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్లు కాఫీ అడిగి తాగి, "సన్మాన పత్రం నువ్వు చదివితేనే నిండుగా ఉంటుందప్పా. ఆ గొంతు ఇంకెవరికుంది?" అన్నాడు. పోవద్దని బతిమాలాను. మా మరిది పోయాడు. మనిషిని ఒంటరిగా వదల్లేక నేనూ, మా ఆయనా వెంట పోయాం. "దాపరికమెరగని సత్యసంధుడు" అని రాసి ఉంది ఆ కాగితంలో. అక్కడ ఆగుతాడని చూశాను. ఆగలేదు, తడుముకోలేదు. అంత నిండుగా ఆయన చదవడం నేనెప్పుడూ వినలేదు. కృష్ణగిరాయన శాలువా సర్దుకుని మూతి తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో నాకు కోపం, ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎన్నో మింగినావే, ఆ ఒక్క మాట మింగేదానికి నీకేమొచ్చె?" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ, "అది తగిలేవాణ్ణి నేనొకణ్ణే కదా వదినా. నాకోసమని నేనెప్పుడూ మింగలేదు" అన్నాడు.

మళ్లీ పేపరు ముట్టలేదు. అంగడిలో బట్ట కొలుస్తూ, గిరాకీలు ఏమడిగినా తల ఊపుతూ బతికి, అలాగే పోయాడు. ఆయన మంచితనాన్ని జనం మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండేది. ఆ మంచితనం ఆయనకు ఒక్క పూట కూడా అక్కరకు రాలేదు. ఆయన మీద కోపం కూడా నాకు ఇంకా తీరలేదు.

నిన్న టీవీలో ఆ జేబురుమాలాయన, ఇష్టం లేనివాళ్లు మూటాముల్లె సర్దుకుని దేశం వదిలిపోవాలన్నాడు. సరిగా వినబడలేదేమోనని, ఆ మాట మళ్లీ అనమని అడిగి మరీ అనిపించారు. కాలమే మరిపిస్తుందని అప్పట్లో అందరూ నన్ను ఓదార్చారు. అది లోకానికి మా మరిదిని మరిపించింది. ఆయన మింగిన మాటను మాత్రం ఇప్పటికీ ఒక నోటి నుంచి ఇంకో నోటికి అందిస్తూనే ఉంది.