చూసి ఊరుకోవలసిన నెల

కరోనా రెండో విడత తగ్గిన మరుసటి ఏడాది, ఆషాఢం మొదట్లో, రాజమండ్రిలో నేను పనిచేసే ఆసుపత్రి నన్ను ఐసీయూ హెడ్ నర్సు బాధ్యత నుంచి తప్పించి ఒక పరిశోధనకు వేసింది. ఆర్డరులో నా హోదా ‘రీసెర్చ్ నర్స్’. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషికి ఇప్పుడీ చదువులేమిటని తోటివాళ్లు నవ్వారు. ఆ పని నేను అడిగి వేయించుకున్నదే.

అడగడానికి కారణం ఉంది. ఐసీయూలో ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువ బాధపెట్టిన రోగులు బయటి నుంచి అంబులెన్సులో వచ్చినవాళ్లు కారు. మా ఆసుపత్రిలోనే, పై అంతస్తులో జనరల్ వార్డు మంచం మీద ఉండగానే క్షీణించి, ఆఖరి క్షణంలో స్ట్రెచర్ మీద పరుగున వచ్చినవాళ్లు. వాళ్ల కేస్‌షీట్లు వెనక్కి తిప్పి చూస్తే గుండె ఆగడానికి కొన్ని గంటల ముందు నుంచే ఒళ్లు ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది. చాలామందిలో ముందుగా మారేది ఊపిరి. లోపల ఎంత గొడవ జరుగుతున్నా బీపీ చాలాసేపు నిలబడి మనల్ని మోసం చేస్తుంది. ఊపిరి అలా దాచుకోలేదు, వేగం పెంచేస్తుంది.

అయినా వార్డుల్లో అన్నిటికన్నా తక్కువగా చూసేది ఊపిరినే. బీపీకి మిషను ఉంది. ఆక్సిజన్‌కు వేలికి తగిలించే క్లిప్పు ఉంది. ఊపిరికి మాత్రం ఒక మనిషి మంచం పక్కన నిమిషం పాటు నిలబడి, పొట్ట లేచి పడడం లెక్కపెట్టాలి. వార్డు మొత్తానికి ఇద్దరు నర్సులుండే చోట ఆ నిమిషం దొరకదు. అందుకని చార్టులో అందరికీ ఇంచుమించు ఒకే అంకె పడుతుంది. ఇది ఏ ఊరి వార్డులోనైనా ఉన్న సంగతే.

పరిశోధనకు పెద్ద మా ఐసీయూ ఇన్‌చార్జి డాక్టర్ శేషగిరి గారు. మితభాషి, పద్ధతి అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన పనిని రెండు భాగాలు చేశారు. మొదటి నెల నేను రోజూ సర్జికల్ వార్డుకు వెళ్లి ప్రతి రోగి ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్, జ్వరం, స్పృహ చూసి రాసుకోవాలి. ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని వేసి కూడితే వచ్చేదే హెచ్చరిక స్కోరు. అది పెరిగిన కొద్దీ రోగి జారిపోతున్నట్టు. రెండో భాగంలో వార్డు నర్సులకు ఈ స్కోరు నేర్పి, హద్దు దాటితే వాళ్లే నేరుగా ఐసీయూకు ఫోన్ చేసే హక్కు ఇస్తాం. అప్పటివరకు ఆ హక్కు డ్యూటీ డాక్టరుకు, ఆపైన సర్జన్‌కు మాత్రమే ఉండేది. మొదటి భాగానికీ రెండో భాగానికీ తేడా కనిపిస్తేనే పద్ధతి పనికొచ్చిందని నలుగురికీ చెప్పగలం.

“మొదటి నెల మీరు చూడడం వరకేనండి. మీరు కల్పించుకుంటే మనం కొలిచేది వార్డుని కాదు, మిమ్మల్ని,” అన్నారు శేషగిరి గారు.

మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీ మాకు ఒక్క మినహాయింపు ఇచ్చింది. ప్రాణాపాయం ఎదురుగా కనిపిస్తే డ్యూటీ నర్సుకు చెప్పవచ్చు. అంతవరకే.

మొదటి రెండు వారాలు ఇబ్బంది లేకుండా గడిచాయి. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీసే తీరు మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం పొట్ట మీద పెట్టేదాన్ని. మూడో వారంలో ఒక మధ్యాహ్నం, భోజనాల బండి వెళ్లిపోయాక, కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చాను.

ఆ మంచం మీద సత్యవతి ఉంది. ధవళేశ్వరం మనిషి, యాభై దాటిన వయసు. భర్త అప్పారావు గోదావరిలో వల వేస్తే ఆమె చేపలు గంపకెత్తి అమ్ముకొస్తుంది. హెర్నియాలో పేగు ఇరుక్కుని వాపొచ్చి చేరింది. నల్లబడిన ముక్క కోసి తీసి, మిగిలిన రెండు కొసలు కలిపి కుట్టారు. అది ఆపరేషనయిన మూడో రోజు. గోదావరికి వరద ఎర్రనీరు తగిలి వలలు కట్టిపెట్టిన రోజులు కాబట్టి అప్పారావు పగలంతా మంచం దగ్గరే ఉండేవాడు.

ముందు రోజు మామూలుగా ఇరవై లోపే ఉన్న ఊపిరి ఆ రోజు నిమిషానికి ఇరవై ఎనిమిది వచ్చింది. నమ్మకం కుదరక మరో నిమిషం చూశాను. అంతే వచ్చింది. నాడి వేగంగా కొట్టుకుంటోంది. ఆక్సిజన్ కొద్దిగా తగ్గింది. బీపీ మాత్రం చక్కగా ఉంది. జ్వరం లేదు. నొప్పికి ఎక్కిస్తున్న పారాసెటమాల్ జ్వరాన్ని కూడా అణిచేస్తుంది కాబట్టి ఆ లేకపోవడాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

అప్పారావు నా వైపే చూస్తున్నాడు.

“నిన్న రాత్రి దాకా నన్ను తిడతానే ఉందండి. వల సరిగ్గా ఆరబెట్టావా, మేకకి ఆకు వేశావా అని. పొద్దుటి నుంచి ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదండి. మందుల మత్తేమో అన్నారు గానీ, నాకెందుకో బాగోలేదండి.”

నేను ఆమె చెవి దగ్గర వంగి, “సత్యవతి గారూ, ఎక్కడున్నారో చెప్పండి,” అన్నాను.

ఆమె కళ్లు సగం తెరిచింది. “బజారు కట్టేశారా?” అంది.

పాయింట్లు కలిపి స్కోరు చూశాను. రెండో భాగంలో మేము పెట్టబోయే హద్దును అది దాటేసింది. కాని ఆ హద్దు ఇంకా అమలులో లేదు. ఇది ప్రాణాపాయం ఎదురుగా కనిపించడమేనా? నిజాయితీగా చెప్పాలంటే ఆ క్షణంలో చూసిన ఎవరైనా కాదనే అంటారు. ఆమె మంచం మీద ప్రశాంతంగా పడుకుని ఉంది. బీపీ బాగుంది. నాకు తెలిసిందల్లా, ఐసీయూకు ఆలస్యంగా వచ్చినవాళ్లు కొన్ని గంటల ముందు ఇలాగే ఉంటారని.

డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు పద్మను పిలిచాను. మందుల ట్రాలీ వదిలేసి వెంటనే వచ్చింది. “నేనూ ఒకసారి చూస్తానండి మేడమ్,” అని తనూ నిమిషం పాటు లెక్కపెట్టింది. అంకె మారలేదు. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది.

ఆ కుర్ర డాక్టరు రావడానికి ఆలస్యం చేయలేదు. పొట్ట నొక్కి చూశాడు. ఆపరేషను అయిన పొట్ట ఎలాగూ నొప్పిగానే ఉంటుంది. బీపీ చూసి కుదుటపడ్డాడు. “నొప్పి వల్లేనండి. ట్రమడాల్ ఒకటి ఇవ్వండి. సర్జన్ గారు థియేటర్లో పెద్ద కేసులో ఉన్నారు, బయటికి రాగానే వచ్చి చూస్తారు,” అని చెప్పి, క్యాజువాలిటీ నుంచి పిలుపొస్తే వెళ్లిపోయాడు. అప్పటికి మామూలుగా జరిగే వైద్యమే అది. అతను చేయనిదంటూ ఏమీ లేదు.

పద్మ ఇంజెక్షన్ సిరంజిలోకి తీసుకుని నా దగ్గరకొచ్చి ఆగింది. “వేసెయ్యనా మేడమ్?”

ఆ వార్డులో ఆమెకు నేను పై అధికారిని కాను. చూడడానికి వచ్చినదాన్ని. కాని ట్రమడాల్ పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నొప్పి తగ్గుతుంది, మత్తు పెరుగుతుంది, ఊపిరి వేగం కాస్త దిగుతుంది. సాయంత్రం సర్జన్ గారు వచ్చేసరికి అంకె బాగున్నట్టు కనిపిస్తుంది, మనిషి మాత్రం జారిపోతూనే ఉంటుంది.

“ఒక్క నిమిషం ఆగు తల్లీ,” అన్నాను.

పరిశోధన చెడిపోతుందన్నది ఒక భయం. రేపు ఏమీ లేదని తేలితే, డాక్టరు చెప్పిన మందు ఆపిందని పద్మ మీదికి వస్తుందన్నది ఇంకో భయం. డ్యూటీ డాక్టరును దాటి, సర్జన్‌ను దాటి ఒక నర్సు ఐసీయూను పిలవడం మా దగ్గర అప్పటివరకు లేదు. అయినా నర్సుల బల్ల మీది ఫోన్ తీసి శేషగిరి గారికి చేశాను.

“నేను గీత దాటుతున్నానండి,” అన్నాను.

“అంకెలు చెప్పండి,” అన్నారు ఆయన. చెప్పాను. బజారు సంగతి కూడా చెప్పాను.

“ఇంజెక్షన్ ఆపమనండి. వస్తున్నాను.”

లిఫ్టు కోసం చూడకుండా మెట్లెక్కి వచ్చినట్టున్నారు, ఆయాసపడుతూనే పొట్ట మీద చెయ్యి వేశారు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్షకు పంపారు. అందులో లాక్టేట్ బాగా ఎక్కువగా వచ్చింది. ఒంట్లో కణాలకు చాలినంత రక్తం, ప్రాణవాయువు అందనప్పుడు పెరిగే పదార్థం అది. బీపీ చెప్పని సంగతి అది చెప్పింది. ఆక్సిజన్ పెట్టి, సెలైన్ వేగం పెంచి, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, యాంటీబయాటిక్ మార్చారు. ఆయనే థియేటర్‌కు వెళ్లి సర్జన్ గారితో మాట్లాడారు. సర్జన్ గారు చేతిలో కేసు ముగించి, తర్వాతి కేసు వాయిదా వేసి, సత్యవతిని మళ్లీ థియేటర్లోకి తీసుకున్నారు.

థియేటర్ బయట బెంచీ మీద నేనూ అప్పారావూ కూర్చున్నాం. నాకక్కడ పనేమీ లేదు. కాని లేచి వెళ్లలేకపోయాను.

“బతుకుద్దా అండి?” అని అడిగాడు.

“తొందరగానే పట్టుకున్నామండి. అంతవరకే చెప్పగలను.”

తల ఊపాడు. పంచె చెంగును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయాడు.

బాగా పొద్దువాలాక సర్జన్ గారు బయటికి వచ్చారు. పేగు కుట్టు ఒక చోట విడిపోయి లోపలి మలినం కారుతోందట. కడిగి శుభ్రం చేసి, మలం సంచీలోకి పోయేలా పేగు కొసను తాత్కాలికంగా పొట్ట పైకి తెచ్చారు. “ఇంకా అంతటా పాకలేదు. రేపటి దాకా ఆగి ఉంటే నేను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు,” అని నాతో అని, అప్పారావు భుజం తట్టి వెళ్లారు. అప్పారావు రెండు చేతులూ జోడించి గోడకు ఆనుకుపోయాడు. పద్మ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా అక్కడికే వచ్చింది. ఇద్దరం క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగాం. మనసు చాలా తేలిగ్గా ఉంది.

మర్నాడు శేషగిరి గారి గదికి చీవాట్లకు సిద్ధపడే వెళ్లాను. ఆయన అప్పటికే ఎథిక్స్ కమిటీకి ఉత్తరం టైపు చేయించి ఉంచారు. జరిగింది జరిగినట్టు రాశారు. పరిశీలకురాలు కల్పించుకున్నందువల్ల మొదటి భాగాన్ని ఇక్కడితో ముగించి, రెండో భాగం వెంటనే మొదలుపెట్టడానికి అనుమతి కోరారు. “మన పరిశోధన పేపరు కొంచెం బలహీనపడుతుంది. ఆ మాట అందులోనే రాద్దాం,” అన్నారు. నా తప్పొప్పుల గురించి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. నేను బయటికి వస్తుంటే డ్యూటీ డాక్టరు వరండాలో ఎదురయ్యాడు. మొహం చిన్నబోయి ఉంది.

“ఊపిరి ఎక్కువైతే నొప్పి అనుకోవడం తప్పా అండి?” అని అడిగాడు.

“తప్పు కాదండి, నొప్పి కూడా కావచ్చు. మిగతావి కావని తేల్చుకున్నాక ఆఖర్న ఆ మాట అనుకోవాలి,” అన్నాను. రెండో భాగం శిక్షణకు మొదట పేరు ఇచ్చిన డాక్టరు అతనే.

సత్యవతి కొన్నాళ్లు ఐసీయూలో ఉంది. వెంటిలేటర్ తీసేశాక ఒక ఉదయం చూడడానికి వెళ్తే నన్ను గుర్తుపట్టింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “నువ్వేనా అమ్మా? రోజూ వచ్చి చెయ్యి పట్టుకుని నా పొట్టకేసి చూస్తా నుంచునేదానివి. ఏంటి ఈవిడ వరస అనుకున్నాను,” అంది. పక్కనున్న నర్సులు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పొట్ట పైకి తెచ్చిన పేగును కొన్ని నెలల తర్వాత మళ్లీ పిలిపించి లోపలికి చేర్చి కుట్టారు. ఆమె తన కాళ్ల మీదే నడిచి ఇంటికి వెళ్లింది.

రెండో భాగం అనుకున్నట్టే నడిచింది. కొన్నిసార్లు నర్సులు పిలిస్తే వెళ్లి, నిజంగా నొప్పేనని తేల్చుకుని తిరిగొచ్చాం. కొన్నిసార్లు అలా తిరిగి రాలేదు, రోగిని వెంట తీసుకునే వచ్చాం. పేపరులో మా లోపం ఒప్పుకున్నాం. నేను రిటైరయ్యే నాటికి ఆ పద్ధతి మిగతా వార్డులకూ వెళ్లింది.

ఈ సంగతి నాకు నేర్పింది ఒకటుంది. ఆ రోజు ఆ వార్డులో నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లెవరూ లేరు. భర్తకు అనుమానం వచ్చింది. పద్మకు అంకె తెలుసు. డాక్టరు పిలవగానే వచ్చాడు. లేనిదల్లా ఆ అనుమానం చేరవలసిన చోటికి చేరే దారి. రోగి క్షీణిస్తున్నట్టు కనిపెట్టడం నేర్పితే వచ్చే విద్య. కనిపెట్టిన మాట ఎవరికి, ఏ హక్కుతో చెప్పాలో ఆసుపత్రి ముందుగా తేల్చి పెట్టకపోతే ఆ విద్య మంచం పక్కనే ఆగిపోతుంది. మా నిబంధనలో ఇప్పుడు రెండు వాక్యాలున్నాయి. ఆందోళన కలిగితే నర్సు ఎవరి అనుమతీ అడగకుండా ఐసీయూను పిలవవచ్చు. పిలుపు అనవసరమని తేలినా ఆమెను సంజాయిషీ అడగరాదు. మొదటి వాక్యం ఒక్క సమావేశంలో ఒప్పుకున్నారు. రెండోది రాయించడానికి చాలా కాలం పట్టింది. నర్సులు ఫోన్ ఎత్తడం మొదలుపెట్టింది ఆ రెండోది వచ్చాకే.