నవాసారం లెక్క విప్పిన సారు

మా ఇంటి ముందరి గదిలో కిరాయికి ఉన్న కెమిస్ట్రీ సారు మొన్న నల్లగొండ దవాఖానలో పోయారు. శవం లేవకముందే మా వీధివాడొకడు, "తప్పు లెక్క జేసి కాలేజీ నౌకరి పోగొట్టుకున్నడు పాపం" అన్నాడు. ఆ మాట అబద్ధం. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది.

సారు పని ఎంట్రొపీ లెక్కలు. ఉప్పు, సున్నం, పటిక వంటి వాటి లోపల అణువులు ఎన్ని తీర్ల చెదిరి ఉండగలవో చెప్పే అంకె అది. సాయంత్రాలు నా మగ్గం గుంట పక్కన గోడకానుకుని కూర్చుని చెప్పేవారు.

"అవ్వా, ఇగ అంతకంటె చల్లబడని చల్లదనంల అవన్ని నీ మగ్గం మీది పడుగు పోగుల లెక్క సాఫుగ ఉంటయి. ఆడ సున్న. ఆడికెల్లి జరంత జరంత వేడి చేసుకుంట, తాగిన వేడిని అప్పటి ఉష్ణోగ్రతతోని భాగించి కూడుకుంట రావాలె."

"కూడి ఏం జేస్తవు సారూ?"

"ఏది దేంతోని కలుస్తదో ముందే చెప్పొచ్చు."

"గట్లయితే నాకూ నా కోడలికీ జర చూడు."

"గంత పెద్ద లెక్క నాకు రాదవ్వా" అన్నారు.

గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం ఉప్పుకు సారు కట్టిన అంకెను పట్నంలో పెద్దలు మెచ్చి అచ్చుకు తీసుకున్నారు. దానితోనే కాలేజీలో నౌకరి ఖాయమవుతుందన్నారు. ఆ తర్వాత సారుకు తెలిసింది. చల్లటి నవాసారం వేడెక్కుతూ ఒకచోట, కరగకుండానే, లోపలి అమరిక మార్చుకుంటుంది. అక్కడ అదనంగా తాగే వేడిని ఆయన కూడలేదు. అది ఇంకెవరూ పట్టుకోలేదు.

ఆయనకు అది తెలిసిన సాయంత్రమే నేను పడుగులో పోగు తెగింది చూడక జానెడు నేశాను. తెగిన చోటిదాకా విప్పుతూ కూర్చున్నాను.

"ఒక్క పోగు ఎవలు జూస్తరవ్వా?" అని, తన సంగతి చెప్పారు సారు.

"నాది గుడ్డ, నీది నౌకరి. నువ్వు ఎవలికి చెప్పక ఊకో."

"రెండూ నేతనే గదా అవ్వా."

తెల్లారి కాలేజీకి పోయి తన అంకె తప్పని తానే చెప్పి వచ్చారు. నౌకరి ఇంకొకరికి పోయింది. సారు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, నవాసారాన్ని సున్న కాడి నుంచి మళ్లీ కూడారు. ఊకొమ్మని నేనన్న మాట తప్పని ఇప్పుడూ అనను. కడుపు కాలితే ఏ లెక్కా నిలవదు. కానీ ఆయన నౌకరి తప్పు చేసినందుకు పోలేదు, చెప్పినందుకు పోయింది. ఆ తేడా తెలియనివాణ్ణి పాడె ముట్టనియ్యలేదు.

నిన్న మళ్లీ పోగు తెగింది. విప్పుతూ తలెత్తి చూశాను. సారు వీపు ఆనిన చోట గోడకు సున్నం అరిగి, ఎర్రమట్టి కనబడుతోంది.