కుట్టు క్లాసుకు ట్యూబ్‌లైట్లు

ఈ రోజు మా సొంత మేనమామ బాలయ్యే నన్ను మోసం చేసిండు.

కామాఠిపురాల మేమందరం ఒక్కో గదిల ఉండే బిల్డింగు, మా చాల్ కింద సగం కట్టి వదిలేసిన నేలమాళిగ ఉంది. ఆడోళ్ళ కుట్టు క్లాసుకు అది ఇప్పియ్యమని, చాల్ కమిటీకి పెద్ద కాబట్టి మామనే అడిగిన. సరేనన్నడు. "పైకప్పుకు ఇంక సిమెంటు గిలాబు గాలేదు బిడ్డా, ఎత్తు గూడ తక్కువ. తలకు తగలని లైట్లు నువ్వే పోయి చూసిరా" అన్నడు.

పొద్దున్నే పక్కింటి లక్ష్మక్కను తోలుకొని గ్రాంట్ రోడ్ దుకాణానికి పోయిన. వేలాడే బల్బయితే చేతి నీడ సూది మీద పడ్తది, నల్లదారం నీలిదారం ఒక్కతీరే కనిపిస్తయి. అందుకే స్లాబుకు అంటుకొని ఉండే ట్యూబ్‌లైట్లు ఖాయం చేసి సంబరంగా తిరిగొచ్చినం.

వచ్చేసరికి మాళిగల ఎవరో సేటు బట్టల మూటలు దించుతున్నరు. మామ అక్కడే నిలబడి హమాలీలకు జాగ చూపిస్తున్నడు.

"ఇదేంది మామా?" అన్న.

"గోదాముకు ఇచ్చినం బిడ్డా. నువ్వుంటే లొల్లి చేస్తవని దుకాణానికి పంపిన. ఎట్లాగూ చూసొచ్చినవు గదా, ఏ లైట్లు మంచియో జర సేటుకు చెప్పు."

లక్ష్మక్కే జవాబిచ్చింది: "మూటలకు ఏ లైటైనా ఒకటే అన్నా."

క్లాసు ఎప్పటిలెక్కనే మా వరండాలో నడిచింది. పొద్దు గుంకంగనే మిషన్లు మూసినం.

రేపు పొద్దున మామ ఏం జరగనట్టే చాయ్‌కి వస్తడు. చాయ్ పొయ్యాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి.